మా అత్తయ్య ఓటు

ఓట్ల గొడవ మా ఇంట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. బాపట్లలో మా నాన్నది ఒక పార్టీ, మా అమ్మది దానికి సరిగ్గా ఎదురు పార్టీ. ఎన్నికలు వచ్చాయంటే చాలు, మా వంటింట్లో గిన్నెలు కూడా కాస్త గట్టిగా చప్పుడు చేసేవి. ఒకసారి నాన్నకు గొప్ప ఆలోచన వచ్చింది. "ఇద్దరం ఎండలో పడి వెళ్ళి, నువ్వొకటి నేనొకటి గుద్ది రావడం ఎందుకే? చెల్లుకు చెల్లు. హాయిగా ఇంట్లో కూర్చుందాం," అన్నాడు. అమ్మ వెంటనే సరేనంది. మా అమ్మ అంత తొందరగా సరేనంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాన్నకు రాలేదు. గోంగూర తెస్తానని సంచీ పట్టుకుని వెళ్ళిన మనిషి, గోంగూరతోబాటు వేలి మీద సిరా గుర్తుతో తిరిగొచ్చింది. ఆ సిరా చెరిగిపోయేదాకా నాన్న అమ్మతో మాట్లాడలేదు. గోంగూర పచ్చడి మాత్రం మారు వడ్డించుకున్నాడు.

నాది అమ్మ పోలిక. తెనాలిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పుకుని బతుకుతాను కాబట్టి ఓటును కూడా లెక్కగానే చూస్తాను. గెలిచే అవకాశం ఉన్న ఇద్దరిలో ఎవరివల్ల తక్కువ నష్టమో చూసుకుని, ముక్కు మూసుకుని వాళ్ళకు గుద్ది రావాలి. ఎలాగూ ఓడిపోయే మంచివాడికి వేసి, ఇంటికొచ్చి మనసు తేలికపడిందని చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా స్టాఫ్ రూములో ఈ విషయం మీద నాతో వాదనకు దిగి, చల్లారిపోయిన టీ తాగినవాళ్ళు చాలామందే ఉన్నారు.

అలాంటిది నా సొంత మేనమామే ఎలాగూ ఓడిపోయే మంచివాడుగా తయారయ్యాడు.

"మీ మామయ్య సర్పంచికి నామినేషన్ వేశాడట. నువ్వెళ్ళి ఆపు," అని అమ్మ బాపట్ల నుంచి ఫోను చేసింది.

"నేనేంటమ్మా ఆపేది? నీ అన్నయ్య కదా, నువ్వే చెప్పు."

"చెప్పాను. పోటీ చేసే హక్కు గురించి క్లాసు పీకాడు. నువ్వు మాటకు మాట అంటావు కదా, వెళ్ళు."

ఇంట్లో నా నోటికి ఉన్న గౌరవం అది. కాలేజీకి సెలవు పెట్టి, తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను.

మామయ్య వాళ్ళ ఊరు రేపల్లె దాటాక సముద్రం వైపు ఆటోలో వెళ్ళాలి. అక్కడి హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో సగంమంది ఆయన ఈల విని ఎండలో నిలబడినవాళ్ళే. రిటైరయ్యాక కూడా ఆ ఈల చొక్కా జేబులోనే ఉండేది. ఆయన ఇంట్లో చెప్పులు వరసలో ఉండాలి, మంచినీళ్ళ బిందెలు వరసలో ఉండాలి, చివరికి దండెం మీద తువ్వాళ్ళు కూడా ఎత్తు ప్రకారం వేలాడాలి. మా అత్తయ్య ఈ బాధలన్నీ పడుతూ, అప్పుడప్పుడు కావాలనే ఒక చెప్పు తిరగేసి పెట్టేది. ఆయన అది సరిచేసేటప్పుడు నాకేసి చూసి కన్ను గీటేది.

ఆ ఊరికి వచ్చిన చిక్కు రొయ్యల చెరువులు. ఊరి పొలాలకు పక్కనే మురుగుకాలవ ఉంది. కాలవకు అవతలి గట్టంతా అప్పటికే చెరువులైపోయింది. ఇవతలి గట్టున పంచాయతీ భూమి, దాన్ని ఆనుకుని మా అత్తయ్య చేను. పెళ్ళిలో వాళ్ళమ్మ పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చేను అది. అత్తయ్యకు తనదంటూ ఉన్న ఆస్తి అదొక్కటే. కాలవ అవతలి ఉప్పు ఊటకే ఒక మూల వరి గిడసబారి, ఎర్రబడి ఉండేది. ఇక ఇవతల కూడా చెరువు తవ్వితే ఆ చేలో గడ్డి కూడా మొలవదని చూసిన వాళ్ళెవరైనా చెబుతారు.

ఆ ఎన్నికల్లో ముగ్గురు నిలబడ్డారు. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు కదా, ఊరంతా వాళ్ళను ఇచ్చిన గుర్తులతోనే పిలిచేది. కత్తెర గుర్తు ఆయన చెరువుల ఆసామి. గెలిస్తే ఇవతలి గట్టు కూడా లీజుకిస్తానని బాహాటంగానే చెప్పాడు. ఉంగరం గుర్తు అబ్బాయి మామయ్య దగ్గర చదువుకున్నవాడు. ఉన్న చెరువుల జోలికి పోను, కొత్తవి మాత్రం రానివ్వనన్నాడు. మూడో మనిషి మామయ్య. ఉన్నవీ పూడ్చాలి, కొత్తవీ రాకూడదు, ఓటుకు ఒక్క రూపాయి ఇవ్వను, ఒక్క సీసా పంచను అన్నాడు. పగలు నడుం వాల్చడం పాపమనుకునే మనిషికి మంచం గుర్తు వచ్చింది. ఊరు రెండు రోజులు నవ్వుకుంది.

గుర్తులింకా ఇవ్వకముందే, నేను వెళ్ళిన సాయంత్రమే, తర్వాత ఉంగరం వచ్చిన ఆ అబ్బాయి ఇంటికొచ్చాడు. వరండాలో కుర్చీ అంచున కూర్చుని, అత్తయ్య ఇచ్చిన కాఫీ చేతిలో పట్టుకుని, చదువుకునే రోజుల్లో లాగే నేల చూపులు చూశాడు.

"మాస్టారండీ, మీరు నిలబడితే చీలేది నా ఓట్లేనండి. కత్తెరాయన సులువుగా బయటపడతాడు. రేపు మూడింటిదాకా ఉపసంహరణకు టైముంది. మీరు తప్పుకోవాలండి."

"ఉన్న చెరువులు పూడ్పిస్తావా?" అన్నాడు మామయ్య.

"అది కష్టమండి. కొత్తది మాత్రం ఒక్కటి కూడా రానివ్వనండి. మీ ఇంట్లో కూర్చుని చెబుతున్నా."

"అయితే నేను తప్పుకోను. నువ్వు కాఫీ తాగు, చల్లారిపోతోంది."

అబ్బాయి కాఫీ తాగేసి అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ అబ్బాయి గేటు దాటగానే నేను మామయ్య మీద విరుచుకుపడ్డాను. గెలిచే లెక్క ఏదీ, ఎవరి ఓట్లు ఎటు పోతాయి, ఆఖరికి చెరువుల ఆసామిని గెలిపించేది నువ్వే కదా అని గొంతు చించుకున్నాను. ఆయన అంతా విన్నాడు. డ్రిల్లు మాస్టార్లకు ఎంత అరిచినా వినే ఓపిక ఉంటుంది కాబోలు.

"నేను గెలుస్తానని నీకెవరు చెప్పారమ్మా? ఈ ఊళ్ళో చెరువులు వద్దే వద్దనుకునేవాళ్ళు కొంతమంది ఉన్నారు. వాళ్ళు లైన్లో నిలబడి లోపలికెళ్ళాక గుద్దడానికి ఒక గుర్తుండాలి కదా. లేకపోతే వాళ్ళు అసలు లేరనే అనుకుంటారు."

"గుర్తుంటే సరిపోతుందా? చేను పోతే?"

"సగం వద్దన్నవాడు రేపు ఆ సగానికి కూడా సరేనంటాడు. వాణ్ణి నేను పదో తరగతి దాకా చూశాను. మంచివాడే. గట్టిగా ఎవరైనా అడిగితే కాదనలేడు."

నాకు కోపం వచ్చింది, ఆయన మీద ప్రేమా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక, లోపలికెళ్ళి అత్తయ్య కలుపుతున్న పిండిని నేను లాక్కుని కలిపాను.

మామయ్యను ఆపలేకపోయాను కదా, ఇక సాయమైనా చేద్దామని ఆ నాలుగు రోజులూ అక్కడే ఉండిపోయాను. ఆయనకు మైకు లేదు, ఆటో లేదు. పెళ్ళి పిలుపులకు వెళ్ళినట్టు నేనూ అత్తయ్యా కుంకుమభరిణ పట్టుకుని ఇంటింటికీ తిరగాలని నిర్ణయమైంది. మా వైపు బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. వీధిలో కనబడి నోటిమాటగా చెబితే అది లెక్కలోకి రాదు, పిలవలేదనే అనుకుంటారు. బొట్టు పెట్టించుకున్నాక వస్తామంటే రావాలి, రాలేకపోతే ఆ మాట అక్కడే చెప్పాలి.

మొదటి వీధి అయిపోయేసరికి నాకు ఏదో తేడా అనిపించింది. అత్తయ్య ప్రతి ఇంట్లోనూ బొట్టు పెట్టి, "పోలింగుకు తప్పకుండా రావాలి వదినా," "పొద్దున్నే వచ్చెయ్యండి పిన్నీ, ఎండ ఎక్కుతుంది," అంటోంది. అంతే. మంచం మాటెత్తడం లేదు. మామయ్య పేరెత్తడం లేదు. పక్కనుంచి నేనే "గుర్తు మంచమండి, మంచం" అని అరుస్తున్నాను. మూడో వీధి మలుపులో ఆపేశాను.

"అత్తయ్యా, నువ్వు ఎవరి తరఫున తిరుగుతున్నావ్?"

అత్తయ్య అటూ ఇటూ చూసింది. పక్కనే ఉన్న సైకిలు షాపు మూసి ఉంది. దాని అరుగు మీద కూర్చుని భరిణ మూత పెట్టింది.

"అబద్ధమాడి బొట్టు పెట్టకూడదే అమ్మాయ్. నేను వేయనిదానికి వాళ్ళని వేయమని ఎలా చెప్పను?"

"నువ్వు మామయ్యకు వేయవా?"

"వేయను. ఉంగరానికి వేస్తాను. నా చేను అమ్మాయ్ అది. మా అమ్మ ఇచ్చింది. ఈయన మాటలు నాకు ఇష్టమే. పెళ్ళైన కొత్తలో ఆ మాటలు వినే కదా ఈ మనిషి మంచివాడనుకున్నాను. కానీ ఆ మాటలు చేలో ఉప్పు ఆపలేవు. చెబితే ఆయన తట్టుకోలేడు. చెప్పకపోతే నాకు అన్నం సయించడంలేదు."

నేను ఇన్నాళ్ళూ స్టాఫ్ రూములో అరిచిన లెక్క అదే. అత్తయ్య ఆ లెక్కను నాకంటే చక్కగా వేసుకుంది. సంతోషించాల్సింది పోయి, తాళి కట్టిన మనిషి పోటీలో ఉంటే ఆయనకు ఇంట్లో ఓటు కూడా లేకపోవడం ఏంటని, నాకే వినబడేంత చిన్నగా ఒక సణుగుడు మొదలైంది. దాన్ని నోరు మూయించి, "చెప్పకు. రహస్య ఓటు పెట్టిందే అందుకు. గుద్ది, మడిచి, డబ్బాలో వేసి వచ్చెయ్," అన్నాను.

అత్తయ్య తలూపింది. మిగిలిన వీధులు కూడా అలాగే తిరిగాం. ఆవిడ పోలింగుకు రమ్మంది, నేను మంచం మంచం అన్నాను.

ప్రచారం ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి గడువు. మామయ్య ఊరంతా నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చేతిగడియారం చూసుకున్నాడు.

"ఇంకా పది నిమిషాలుంది. ఒక ఇల్లు మిగిలిపోయింది."

"ఏ ఇల్లు మామయ్యా? అన్నీ తిరిగాం కదా."

"మనిల్లు," అన్నాడు. పళ్ళెంలోంచి కుంకుమభరిణ తీశాడు. ఊళ్ళో ఒక్క గడప కూడా వదలకూడదని ఆయన నియమం. అది సరదాగా చేస్తున్నాడో నియమం కోసం చేస్తున్నాడో ఆయనకే తెలిసి ఉండదు. వంటింటి గడప దగ్గర, బడిలో ప్రార్థనకు నిలబడినట్టు నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. లోపల అత్తయ్య పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నేను ఈ ఊరి సర్పంచి పదవికి పోటీ చేస్తున్నాను. నా గుర్తు మంచం. మీ అమూల్యమైన ఓటు నాకు వేయవలసిందిగా కోరుతున్నాను."

వంగి అత్తయ్యకు బొట్టు పెట్టాడు. అలవాటు లేని పని కదా, కుంకుమ సగం ముక్కు మీద రాలింది. నేను పగలబడి నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"వేయనండి," అంది.

"ఏంటి?"

"మీకు వేయనండి. బొట్టు పెట్టి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు గెలవరు. మీకు పడే ఓటు ఆ ఉంగరం అబ్బాయికి తగ్గుతుంది. కత్తెరాయన గెలిస్తే నా చేను పోతుంది. మీరు చెప్పేది మంచిమాటేనండి, కాదనను. చేను పోయాక ఆ మంచిమాట పెట్టుకుని నేనేం చేసుకోను?"

స్టవ్ మీద పాలు పొంగాయి. నేనే వెళ్ళి ఆపాను. మామయ్య ఇంకా గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన మొహం నేను ఎప్పుడూ అలా చూడలేదు. గడియారం చూసుకున్నాడు.

"ఐదైంది. ఇక ఓటు గురించి మాట్లాడకూడదు," అని భరిణ తెచ్చి పళ్ళెంలో పెట్టి, వరండాలోకి వెళ్ళిపోయాడు.

నేను అత్తయ్యను నానా మాటలూ అన్నాను. ఒక్క అబద్ధం, మూడు నిమిషాల అబద్ధం, ఆ మనిషి సంతోషంగా నిద్రపోయేవాడు కదా అన్నాను. ఎవరు చూడొచ్చారు, నీకెందుకింత సత్యసంధత అన్నాను. అత్తయ్య ముక్కు మీది కుంకుమ తుడుచుకోలేదు.

"బొట్టు పెట్టి పిలిచినప్పుడు వస్తానని చెప్పి రాకపోతే వాళ్ళు వేసిన విస్తరి ఖాళీగా ఉండిపోతుందే. ఆయన లెక్కలో నా ఓటు ఉండి, డబ్బాలో లేకపోతే అది ఇంకా అన్యాయం కాదూ," అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పూట చిక్కుడుకాయ కూరలో ఉప్పు ఎవరం వేశామో తెలియదు, ఇద్దరం వేశాం. మామయ్య మారు మాట్లాడకుండా తిన్నాడు.

మర్నాడంతా ఇల్లు మూగబోయింది. ప్రచారం లేదు, పని లేదు. అత్తయ్య ఆరిన బట్టలనే మళ్ళీ దండెం మీద ఆరేసింది. మామయ్య ఇస్త్రీ చొక్కాను మళ్ళీ ఇస్త్రీ చేశాడు. మంచినీళ్ళు, అన్నం, గడియ అనే మూడు మాటలతో వాళ్ళిద్దరూ రోజు గడిపేశారు. తెనాలి వెళ్ళిపోదామనుకున్నాను గానీ, వాళ్ళను అలా వదిలి వెళ్ళబుద్ధి కాలేదు.

పోలింగు రోజు పొద్దున్నే మామయ్య మా గది తలుపు కొట్టాడు. ఈల ఊదలేదు, అదే మర్యాద. ఆయన ముందు, అత్తయ్య వెనక, నేను ఆ వెనక నడిచాం. ఆయన పనిచేసిన హైస్కూల్లోనే పోలింగు. మగవాళ్ళది ఒక లైను, ఆడవాళ్ళది ఒక లైను. ఆడవాళ్ళ లైను అప్పటికే గేటు దాకా వచ్చేసింది. నాకు ఆ ఊళ్ళో ఓటు లేదు కాబట్టి గేటు బయట చింతచెట్టు నీడన నిలబడ్డాను. మామయ్య లైన్లో చాలా ముందుకు వెళ్ళిపోయాడు, ఇంకొంచెం సేపట్లో లోపలికి వెళ్ళిపోతాడనగా వెనక్కి తిరిగి చూశాడు. అత్తయ్య ఓటరు చీటీని దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తోంది.

ఆయన లైన్లోంచి బయటికొచ్చేశాడు. గబగబా ఆడవాళ్ళ లైను దగ్గరికొచ్చి, "కళ్ళజోడేదీ?" అన్నాడు. నిన్నటినుంచి ఆవిడతో మాట్లాడిన నాలుగో మాట అది.

"మర్చిపోయానండి. ఫర్లేదు, అంచనాగా గుద్దేస్తాను."

"అంచనాగానా! గీత మీద పడితే చెల్లదు. ఉండు."

అంటూనే వెళ్ళిపోయాడు. ఆ వయసులో అంత ఎండలో పరుగులాంటి నడక నడిచాడు. లైన్లో ఉన్న ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. "మాస్టారు ఇంటి ఓటు ఎక్కడ జారిపోతుందోనని భలే కంగారుపడుతున్నారు," అంది ఒకావిడ. అత్తయ్య తల వంచుకుంది. ఆ ఓటు ఎవరికో ఆ లైన్లో అత్తయ్యకు తెలుసు, గేటు బయట నాకు తెలుసు. వీధి చివర ఆయాసపడుతూ కళ్ళజోడు తెస్తున్న మనిషికి తెలుసు.

మామయ్య కళ్ళజోడు అద్దాలు పంచె అంచుతో తుడిచి అత్తయ్య చేతికిచ్చాడు. "నిదానంగా చూసి, సరిగ్గా గుర్తు మీద పడేలా గుద్దు. కాగితం నిలువుగా మడువు. అడ్డంగా మడిచావంటే సిరా ఇంకో గుర్తుకు అంటుకుంటుంది," అన్నాడు. తర్వాత మగవాళ్ళ లైను చివరికి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు "మీ చోటుకి రండి మాస్టారూ" అని పిలిచారు గానీ వెళ్ళలేదు.

లెక్క నేర్పి బతికే నాకు ఆ పూట ఏ లెక్కా తోచలేదు. చింతచెట్టు కింద నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటే, ఒక పెద్దాయన "ధూళి పడిందామ్మా?" అని అడిగాడు. అవునండి అన్నాను.

సాయంత్రానికి లెక్కింపు అయిపోయింది. ఉంగరం అబ్బాయి కొద్ది ఓట్లతో బయటపడ్డాడు. మామయ్య మూడో స్థానం, డిపాజిట్ పోయింది. అత్తయ్య గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే మామయ్య కేసి చూసి ఆ ఊపిరి దాచుకుంది. ఆయన చొక్కా మార్చుకుని, గెలిచిన అబ్బాయి ఇంటికి వెళ్ళి చెయ్యి కలిపి వచ్చాడు.

ఆ రాత్రే అమ్మకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. అమ్మ అంతా వింది. తర్వాత, "మీ నాన్నయితే కళ్ళజోడు దాచేసేవాడు," అంది. వెనకనుంచి "నేనెందుకు దాస్తానే!" అని నాన్న అరవడం వినబడింది.

ఊరు మామయ్యను కొన్నాళ్ళు ఏడిపించింది. టీ బడ్డీ దగ్గర "ఏంటి మాస్టారూ, ఇంట్లో ఓట్లన్నా పడ్డాయా?" అనేవాళ్ళు. "ఎవరి ఓటు వాళ్ళ రహస్యం. లైన్లో నిలబడి వేశావా లేదా, అది చెప్పు నాకు," అనేవాడు. ఈ మాట అత్తయ్యే నాకు ఫోనులో చెప్పింది. "నేను వేయలేదని ఆయనకు తెలుసు, ఆయన చెప్పడని నాకు తెలుసు. నామీద పడాల్సిన మాట ఆయన మోస్తున్నాడే," అంది.

మరుసటి ఏడు కోతలైపోయాక అత్తయ్య దగ్గర్నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. గ్రామసభ ఉంది, ఇవతలి గట్టు లీజు మాట వస్తుందట, రమ్మంది. సెలవు రోజే కావడంతో తెనాలి నుంచి వెళ్ళాను. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు ఒక పక్కగా బెంచీల మీద. సర్పంచి అయిన ఉంగరం అబ్బాయి ఏడాదిలోనే కాస్త లావయ్యాడు. కత్తెరాయన ముందు వరసలోనే కూర్చున్నాడు.

"పంచాయతీకి ఆదాయం లేదండి," అని మొదలుపెట్టాడు సర్పంచి. "రోడ్లకీ లైట్లకీ డబ్బులు రావాలి కదండి. అందుకని ఇవతలి గట్టున ఒక్క ముక్క మాత్రం, ఊరికే చూద్దామని, లీజుకిద్దామని పెద్దలు అంటున్నారండి."

ఆ ఒక్క ముక్క అత్తయ్య చేను పక్కదే. మామయ్య లేచి నిలబడ్డాడు. కొత్త చెరువులు రానివ్వనన్న మాట గుర్తుచేసి, ఉప్పు ఊట గురించి చెప్పబోయాడు. కత్తెరాయన కుర్చీలోంచే తిరిగి, నవ్వుతూ అన్నాడు.

"మాస్టారూ, ఊరు మీకు ఓటెయ్యలేదు కదండీ. గెలిచినాయన మాట్లాడుతుంటే మధ్యలో మీరేంటండి?"

షామియానా కింద నవ్వులు లేచాయి. మామయ్య కూర్చోలేదు, కానీ మాట ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండి లేవబోయాను. పక్కనున్న అత్తయ్య నా భుజం మీద చెయ్యేసి నన్ను కూర్చోబెట్టి, తను లేచింది.

"సరే నాయనా, ఆయనకు ఊరు ఓటెయ్యలేదు. నీకేసినవాళ్ళు మాట్లాడొచ్చా?" అని సర్పంచిని అడిగింది.

అతను తడబడ్డాడు. "అదేంటండి పిన్నిగారూ, మీరెవరైనా మాట్లాడొచ్చండి."

"నేను నీకేశాను. మా ఆయన మంచం గుర్తుకి నిలబడి ఉండగా, నేను ఉంగరం మీద గుద్దాను. మా వరండాలో కాఫీ తాగుతూ, కొత్తది ఒక్కటి కూడా రానివ్వనన్నావు. ఆ ఒక్క మాట కోసం మా ఆయన్ని కాదని నీకేశాను. నా ఓటు తీసుకున్నావు. ఆ మాట ఏదీ?"

అత్తయ్య ఇన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య ఉన్నదాన్ని ఊరందరి ముందూ పెట్టేసింది. వెనకనుంచి ఎవరో, "ఊరికే అంటున్నార్లెండి, మొగుణ్ణి కాదని ఎవరైనా వేస్తారా?" అన్నారు. మళ్ళీ చిన్నగా నవ్వులు మొదలయ్యాయి. సర్పంచి మొహంలో కూడా, తప్పించుకునే దారి దొరికినట్టు, ఒక నవ్వు వచ్చింది.

అప్పటిదాకా నిలబడే ఉన్న మామయ్య, మైదానం చివరిదాకా వినబడే తన పాత గొంతుతో అన్నాడు.

"వేసింది. కళ్ళజోడు తెచ్చిచ్చింది నేనే."

ఇక ఎవరూ నవ్వలేదు. సర్పంచి అత్తయ్య కేసి చూశాడు, మామయ్య కేసి చూశాడు, చివరికి చిన్నప్పటిలాగే నేల కేసి చూశాడు. కాసేపటికి కార్యదర్శి వైపు తిరిగి, ఇవతలి గట్టున చెరువులకు లీజు ఇవ్వకూడదని తీర్మానం రాయమన్నాడు. కత్తెరాయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఊరుకునే రకం కాదు, ఆ పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉంది. ఈ ఏడు మాత్రం అత్తయ్య చేలో వరి కోశారు.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే మామయ్య ఎప్పటిలా ముందు నడవలేదు. అత్తయ్య పక్కనే నడిచాడు. నేను కావాలనే నాలుగడుగులు వెనకబడ్డాను.

"వచ్చే ఎన్నికలకు మళ్ళీ నిలబడతాను," అన్నాడు.

"నిలబడండి."

"నీ ఓటు?"

"ఇక్కడ రోడ్డు మీదా అడగడం?" అంది అత్తయ్య. "ఇంటికొచ్చి బొట్టు పెట్టి అడగండి. అప్పుడు చెబుతాను."